దొంగ పువ్వు

చుక్కలాయన చేతిలో సుత్తి టకటకమంటూనే ఉంది. లక్కలో బిగించిన వెండి కడియం మీద ఉలి మొన ఆనించడం, కొట్టడం, వెంట్రుకవాసి జరపడం, మళ్లీ కొట్టడం. ఒక్కో దెబ్బకు ఒక్కో చుక్క. నగల పనిగదిలో ఆ కిటికీ పక్క ముక్కాలిపీట మీద మీసం రాని వయసులో కూర్చున్నాడు. మీసం వచ్చింది, నల్లబడింది, తెల్లబడింది. చుక్కలు మాత్రం అవే. అసలు పేరు ఆయనకే ఎప్పుడైనా సంతకం పెట్టేటప్పుడు గుర్తొస్తుంది.

ఆ మధ్య ఉలి కాస్త మాట వినడం మానేసింది. మణికట్టులో ఏదో కలుక్కుమంటుంది, మొన పక్కకు జారుతుంది, చుక్క వరస తప్పుతుంది. ఇదింకా ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

"బాబాయ్, ఇక ఆపు. నీ పెళ్లికూతురు వచ్చింది చూడు" అంది యజమానురాలు, పెద్ద అట్టపెట్టె మోసుకొచ్చి బల్ల మీద దించుతూ. పాత యజమాని కూతురు ఆమె. గౌను వేసుకుని ఈ గదిలో రాగి తుంపులు ఏరుకుని ఆడుకున్న రోజుల నుంచి ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తుంది.

పెట్టెలోంచి చేత్తో తిప్పే నగిషీ యంత్రం బయటపడింది. ఒకదానిమీద ఒకటి రెండు ఉక్కు రోలర్లు, పైదాని నిండా ఆకు ఈనెల్లాంటి గీతలు, నెత్తిన బిగింపు మరలు రెండు, పక్కన పొడుగాటి పిడి. రేకును మధ్యలో పెట్టి పిడి తిప్పితే గీతలు రేకు మీద అచ్చుపడతాయట.

"అమ్మేవాడు సాయంత్రం వస్తాడు. ఇవాళంతా తిప్పి చూడు. నువ్వు ఉంచమంటే ఉంచుతాం, పొమ్మంటే పంపేస్తాం. నీ మాటే నా మాట."

"నేను పొమ్మంటానని తెలిసే నన్నడుగుతున్నావా అమ్మాయ్?"

"నువ్వు అబద్ధం చెప్పలేవని తెలిసి అడుగుతున్నా" అని నవ్వి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "అన్నట్టు, ఆ దొంగ పువ్వు మాత్రం మానకు బాబాయ్. కొనేవాళ్లు కడియం చేతికి తీసుకుని ముందు అదే వెతుక్కుంటున్నారు."

ఏ పువ్వో ఆయనకు అంతుపట్టలేదు. కానీ మెచ్చుకోలు మీదకొచ్చినప్పుడు నాది కాదని తోసెయ్యడం ఎవరికైనా కష్టమే కదా. తలూపి ఊరుకున్నాడు.

గది అవతలి మూల మెరుగుపెట్టే ఆవిడ మాత్రం తల ఇంకాస్త వంచి, ఉంగరాన్ని అవసరానికి మించి రుద్దింది. ఆయనకంటే చాలా ఏళ్లు చిన్న. ఎవరు ఏ నగిషీ చెక్కినా చివరికి ఆమె చేతికే వస్తుంది; మురికి వదలగొట్టి, గీత లేపి, మెరిపించి పంపుతుంది. ఆయన్ని అన్నయ్యా అంటుంది. ఇద్దరి మధ్యా రోజూ మాటల కంటే దెప్పుళ్లే ఎక్కువ నడుస్తాయి.

చుక్కలాయన రాగి రేకును కాల్చి, చల్లార్చి, మెత్తబడిందో లేదో వంచి చూసుకుని రోలర్ల మధ్య దూర్చాడు. పిడి తిప్పాడు. రేకు కదల్లేదు, యంత్రమే బల్ల మీద నాలుగడుగులు నడిచింది.

"అన్నయ్యా, పట్టుకో! పారిపోతోంది!"

"పాపం, నా మొహం చూసి భయపడింది."

అడుగున బోల్టులు బిగించాక దారికొచ్చింది. మొదటి రేకు మీద ఒకవైపు గీతలు లోతుగా, మరోవైపు అలికేసినట్టు పడ్డాయి. మరలు రెండూ సమానంగా లేవని గ్రహించి సరిచేశాడు. రెండో రేకు బయటికి రాగానే బొటనవేలు పెట్టి చూశాడు. ఎండుటాకును వేలి కింద తడిమినట్టే ఉంది. తన ఉలితో పొద్దంతా కొట్టినా రాని నునుపు, ఒకే ఊపిరిలో.

ఇక ఆయనకు వయసు గుర్తులేదు. గుండ్రటి బిళ్ల పెట్టి చూశాడు, కోడిగుడ్డులా సాగింది. ఒకసారి తిప్పిన రేకునే మళ్లీ తిప్పాడు, గీత మీద గీత పడి పాడైంది. జేబులోంచి లేసు ముక్క తీశాడు. ఆయన భార్య బట్టలు కుడుతుంది; ఇవాళ యంత్రం వస్తోందని చెప్పి పొద్దున అడిగితే "నా లేసు దానికి తినిపిస్తావా? నాకే చాలటం లేదు" అని విసుక్కుంటూనే మంచి ముక్క చూసి కత్తిరించి ఇచ్చింది. దాన్ని రెండు మెత్తటి రేకుల మధ్య పెట్టి పిడి తిప్పాడు. రేకులు విడదీస్తే రెంటి మీదా సాలెగూడంత సన్నటి అల్లిక.

"ఏదీ, ఏదీ" అంటూ మెరుగావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రేకును వెలుతురుకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ చూపు ఆయన గమనించాడు. ఆకలితో ఉన్న పిల్ల మిఠాయి కొట్టు అద్దానికి ముక్కు ఆనించినట్టుంది.

"బాగుందా?"

"నాకేం తెలుసు? నేను రుద్దేదాన్ని" అంటూ వెనక్కి వెళ్లిపోయింది.

అన్నం తిన్నాక తన పనినీ యంత్రం పనినీ పక్కపక్కన పెట్టి చూద్దామని, మెరుగైపోయిన కడియాల పళ్లెం తెచ్చుకున్నాడు. అందులో ఒకటి ఆయనకు బాగా తెలుసు. దాని కొక్కెం దగ్గర ఉలి జారి చుక్క ఒకటి వరస తప్పి పడింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు అక్షింతలు పడతాయనుకుంటే ఎవరూ ఏమీ అనలేదు.

భూతద్దం కంటికి పెట్టుకుని కొక్కెం దగ్గర వెతికాడు. జారిన చుక్క అక్కడే ఉంది. కానీ దాని చుట్టూ ఆవగింజలో సగమంత చుక్కలు గుండ్రంగా కూర్చుని ఉన్నాయి. చుక్క పువ్వయింది. ఇంకో కడియం తీశాడు. అక్కడా జారిందొకటి, దాని చుట్టూ పూరేకులు. మరోదాని మీద జంట పూలు. ఆ రోజు చెయ్యి మరీ మొరాయించింది కాబోలు.

చెవులు వేడెక్కాయి. కాసేపు సిగ్గేసింది. ఆ తర్వాత ఎక్కణ్ణుంచో నవ్వు తన్నుకొచ్చింది.

"ఏమ్మా, ఎన్నాళ్ల నుంచి ఈ దొంగతనం?"

మెరుగావిడ చేతిలో పని ఆగిపోయింది. "తప్పయిపోయింది అన్నయ్యా. మొదటిసారి నున్నగా రుద్దేద్దామనే చూశా. వెండి పల్చబడిపోతుందనిపించింది. చూస్తూ ఊరుకోలేక... నీ పాత ఉలి ఒకటి మూలన పడుంటే..."

"నాతో అనొచ్చుగా?"

"ఏమని అనను? నీ చెయ్యి జారుతోందనా?" ఆమె గొంతు తగ్గింది. "నీతో ఆ మాట అనడానికి నాకు నోరెలా వస్తుంది?"

ఆయన కడియం మీద ఆ పువ్వును బొటనవేలితో ఒకసారి నిమిరాడు. తర్వాత లేచి, ముంజేయి పట్టుకుని ఆమెను యంత్రం ముందుకు తీసుకొచ్చి నిలబెట్టాడు.

"తిప్పు."

"నేనా?"

"నువ్వే. మెల్లగా. మధ్యలో ఆగావంటే అక్కడ గీత పడుతుంది."

ఆమె పెదవి కొరుక్కుని తిప్పింది. వెండి రేకు ఆకులా బయటికొచ్చింది. ఆయన ఉలి అందించాడు. ఈనెలు కలిసే చోట ఆమె ఒక పువ్వు కొట్టింది, ఈసారి ఎవరి తప్పునూ కప్పడానికి కాకుండా. కొట్టి, తలెత్తి, పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

సాయంత్రం యజమానురాలు వచ్చేసరికి ఆ రేకు బల్ల మధ్యలో ఉంది.

"ఉంచుకో అమ్మాయ్. బిళ్లలకు పనికిరాదు, సాగదీస్తుంది. రేకులకూ పట్టీలకూ దీనికి తిరుగులేదు. కానీ ఇది వేసేది నేల మాత్రమే, పూలు చేత్తోనే పూయించాలి. పిడి మా చెల్లెలి చేతికివ్వు."

"పువ్వులు నీవి కదా బాబాయ్?"

"తప్పులు నావి. పువ్వులు దానివి."

యజమానురాలు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. అర్థమయ్యాక ఆమె కళ్లు చెమర్చాయి గానీ, ఆయన మొహంలో వెలుగు చూసి ఏడవడానికి వీల్లేకపోయింది. "మరి నువ్వో?"

"ఇంట్లో ఆవిడ ఎప్పటి నుంచో బొత్తాలు కుట్టడానికి మనిషి కావాలంటోంది. సూది జారినా ఎవరి కడియమూ పాడవదు."

అందరూ నవ్వారు. ఆ నవ్వులు ఇంకా ఆగకముందే, అమ్మేవాడు మెట్లెక్కుతున్న చప్పుడు వినబడగానే, చుక్కలాయన చెప్పులు వేసుకుని వెనక తలుపులోంచి వీధిలోకి దిగాడు. వీడ్కోళ్లంటే ఆయనకు మొదటి నుంచీ బెరుకు.

సందు మలుపు దాకా వెళ్లాడో లేదో, నెత్తిన టపటపా చినుకులు పడ్డాయి. ఆగి వెనక్కి చూశాడు. పైన పనిగదిలో దీపం వెలిగింది, సుత్తి చప్పుడు మొదలైంది, ఆయనది కాని చప్పుడు, కాస్త తొందర ఎక్కువ. వెనక్కి వెళ్దామా అనుకున్నాడు. మళ్లీ తనలో తనే నవ్వుకుని, తడుస్తూనే ఇంటిదారి పట్టాడు.

పనిగదిలో ముక్కాలిపీట పక్క కిటికీ ఊచకు ఆయన మరిచొచ్చిన గొడుగు వేలాడుతూనే ఉంది, పొడిపొడిగా, మడత విప్పకుండా.