ఎల్లాజీ బండి వేగం

ఐసుపెట్టె మీద తడి గోనెపట్టా కప్పి, పాత సైకిలు ట్యూబుతో గట్టిగా బిగించి, ఎల్లాజీ మోపెడ్‌ను ఫిషింగ్ హార్బరు గేటు దాటించేసరికి తూర్పున ఇంకా ఎరుపు పోలేదు. పెట్టెలో కోనాం, చందువా చేపలు, ఒక పక్కగా రొయ్యలు ఉన్నాయి. కత్తిపీట మూట కాళ్ళ దగ్గర ఉంది. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు, ఎండకు మాడి ముడతలు పడిన మెడ. మడమల పగుళ్ళలో ఉప్పు ఎప్పుడూ తెల్లగా కనిపించేది.

యారాడలో పుట్టి వలల మధ్య పెరిగినా అతనికి సముద్రం పడలేదు. మీసాలు రాకముందే తండ్రి తెప్ప ఎక్కించాడు. ఒడ్డు కనుమరుగయ్యేలోగా పేగులు నోటికొచ్చాయి. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. చివరికి తండ్రి విసిగిపోయి, "ఆడోల్లతో పాటు సేపలమ్ముకోరా" అన్నాడు. ఆ మాట కోపంతో అన్నదే అయినా ఎల్లాజీకి బతుకుదారి అయింది. ముందు తల్లి వెనక తట్ట మోశాడు, తర్వాత భార్య పోతమ్మతో వీధులు తిరిగాడు. ఆమె మోకాళ్ళు అరిగాక మోపెడ్ కొని, మధురవాడ అపార్టుమెంట్ల దాకా ఒక్కడే వెళ్తున్నాడు.

రోడ్డు మీద అతనిది ఎప్పుడూ ఎడమ అంచే. బస్సులు, ఇనుప చుట్టలు మోసే ట్రైలర్లు, ఆఫీసు పిల్లల బైకులు అన్నీ అతన్ని దాటిపోయేవి. పోనీలే అనుకునేవాడు.

అలాంటివాడికి అతివేగం నోటీసులు రావడం మొదలైంది. కూతురు రాణి ఫోనులో చదివి చెబితే ముందు నమ్మలేదు. గంటకు నూట పద్దెనిమిది కిలోమీటర్లట. ఊరంతా ఒకటే నవ్వు. "బావా, నీది మోపెడ్డా, రాకెట్టా?" అని తీరంలో మగవాళ్ళు ఏడిపించారు. ఫొటో చూద్దామంటే రాణి ఫోనులో చక్రం తిరగడమే తప్ప బొమ్మ తెరుచుకోలేదు. ఒక ఆఫీసు కిటికీ దగ్గరకు వెళ్ళి మొరపెట్టుకుంటే, లోపలి మనిషి తలెత్తకుండా, "ముందు కట్టెయ్, తర్వాత మాట్లాడు" అన్నాడు. బండి పట్టుకుపోతారని ఎవరో అన్నారు. అప్పటినుంచి ఖాకీ కనిపిస్తే చాలు, ఎల్లాజీ బండిని ఇంకా అంచుకు జరిపేవాడు.

ఆ ఉదయం మధురవాడకు కాస్త ముందు హైవే పక్కన ఖాకీ కనిపించనే కనిపించింది. ముక్కాలి స్టాండు మీద స్పీడుగన్ను, దాని వెనక నెరిసిన మీసాల హెడ్ కానిస్టేబుల్. రొమ్ము మీద కృపాకర్ అని పేరు. పక్కన నిలబడ్డ ఆడ కానిస్టేబుల్ సాయిదుర్గ చేయి అడ్డం పెట్టి ఆపింది. నెంబరు కొట్టి చూసి కనుబొమలు ఎగరేసింది.

"దిగు తాతా. బోల్డు కేసులున్నాయి నీ మీద. బండి సీజు సెయ్యాల."

"నాను కాదమ్మా. నానెప్పుడూ అంత స్పీడెల్నేదు."

"అందరూ అదే అంటారు."

ఎల్లాజీ దిగాడు. తాళం ఇవ్వమంటే తీసి ఆమె చేతిలో పెట్టాడు. పెట్టెలోంచి ఐసునీళ్ళు ఒక్కో చుక్కా తారు మీద పడుతున్నాయి. ఈ బండి పోతే రేపు పొద్దున్న ఏం చెయ్యాలి అన్న ఒక్క ఆలోచన తప్ప బుర్రలో ఇంకేం లేదు.

కృపాకర్ లేచి వచ్చి బండి చుట్టూ తిరిగాడు. తుప్పు పట్టిన మడ్గార్డును, అరిగిన టైర్లను చూశాడు.

"ఫొటో తెరు దుర్గా."

"సిగ్నల్ నేదు సార్. తిరుగుతోంది."

ఆయన కాసేపు మీసం నిమురుకుని ఎల్లాజీ వైపు తిరిగాడు. "తాళం తీసుకో. సర్వీసు రోడ్డులో ఆ బంకు కాడిదాకా ఎనక్కెల్లి, ఇటు తిరిగి రా. ఎంత పోద్దో అంతా లాగు."

"పెట్టె దించీమంటారా బాబూ?"

"వద్దు. రోజూ ఎలాగెల్తావో అలాగే రా."

ఎల్లాజీ బండి నెట్టుకుంటూ బంకు దాకా వెళ్ళాడు. అక్కడ ఎక్కి, కళ్ళు మూసుకుని గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని, యాక్సిలేటరు పూర్తిగా తిప్పాడు. అంతదాకా ఎన్నడూ తిప్పలేదు. బండి గొంతు మారి ఏడ్చినట్టు అరిచింది. చొక్కా బుడగలా ఉబ్బింది. కళ్ళలో నీళ్ళు, వెనక పెట్టె దడదడ, చెవుల్లో గాలి హోరు. భయం వేసింది. భయంతో పాటు కడుపులో గిలిగింత కూడా పుట్టింది. తెప్ప మీద కుర్రవాళ్ళు అల మీదికి ఎక్కేటప్పుడు ఎందుకు కేకలు పెడతారో ఆ క్షణంలో అతనికి తెలిసినట్టయింది. తెలియకుండానే నోట్లోంచి చిన్న కేక వచ్చేసింది.

స్పీడుగన్నును దాటి చాలా దూరం పోయి ఆపి, బండి నెట్టుకుంటూ తిరిగొచ్చాడు. కృపాకర్ తెర చూపించాడు.

"నలబై మూడు. ఇంకా పోద్దా?"

"ఇంకేటి పోద్ది బాబూ, నా పేణం పోద్ది!"

సాయిదుర్గ అరచేత్తో నోరు మూసుకుంది. అంతలో ఆమె ఫోనులో బొమ్మ తెరుచుకుంది. నవ్వు ఆగిపోయింది. తెల్లటి కారు. ముందు పలక మీద ఎల్లాజీ మోపెడ్ నెంబరు, ఒక్క అంకె తేడా లేకుండా.

కృపాకర్ నోటీసులన్నీ వరసగా తెరిపించాడు. అన్నింట్లోనూ అదే కారు, ఇదే రోడ్డు, ఇదే పొద్దు. "ఆఫీసుకెల్లేవోడే. ఇయాలా వస్తాడు," అని మళ్ళీ గన్ను వెనక కూర్చున్నాడు. ఎల్లాజీని నీడలో నిలబడమన్నాడు.

ఎక్కువసేపు నిలబడాల్సిన పని లేకపోయింది. తెల్లకారు గాలిని చీల్చుకుంటూ పోయింది. కృపాకర్ వైర్‌లెస్‌లో మాట చెప్పాడు. ముందు కూడలిలో ఆపి వెనక్కి తెచ్చారు. మెడలో ఆఫీసు కార్డుతో దిగిన మనిషిని చూసి ఎల్లాజీ నోరు తెరిచాడు.

"వాసుబాబూ! అనూరాధమ్మగోరి..."

వాసు భార్య, మధురవాడ అపార్టుమెంటులో నాలుగో అంతస్తు అనూరాధకు వారం వారం చేపలు కోసి, కడిగి ఇచ్చేది ఎల్లాజీయే. వాసు తల దించుకున్నాడు. కృపాకర్ అడుగుతుంటే ఒక్కొక్కటే బయటపడింది. మొదట ఆన్‌లైన్‌లో కెమెరాకు నెంబరు చిక్కకుండా ఏదో స్ప్రే కొని పలక మీద కొట్టాడట. నోటీసు వచ్చింది. పలక కొస వంచి చూశాడు. మళ్ళీ వచ్చింది. చివరికి పలకే మార్చాడు.

"పలక ఏటి సేసినా ఈ గన్నుకి పని నేదు బాబూ. ఇది కొలిసేది కారుని," అన్నాడు కృపాకర్, కోపం లేకుండానే. "నువ్వు దాసింది నీ పేరు ఒక్కటే."

ఎల్లాజీ ముందుకొచ్చాడు. తిట్టాలని కాదు. అతనికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"నా నెంబరే ఎందుకు బాబూ?"

వాసు మెడలోని కార్డు తాడును వేలికి చుట్టుకున్నాడు. "రోజూ గేటు దగ్గర కనబడుతుంది... గుర్తుండిపోయింది," అన్నాడు.

"ఈయన ఎవర్నీ అడగనేడని కూడా గుర్తుండిపోయింది," అన్నాడు కృపాకర్.

కారును స్టేషనుకు పంపారు. నోటీసులన్నీ రద్దుకు రాశానని చెప్పి కృపాకర్ ఎల్లాజీ భుజం తట్టాడు. "ఎల్లు. ఐసు కరిగిపోతంది."

రోడ్డు మలుపు తిరిగాక ఎల్లాజీ బండి ఆపి, పెట్టెలోని చల్లటి నీళ్ళతో మొహం కడుక్కున్నాడు. గుండెల మీంచి బండరాయి దిగినట్టుంది. అపార్టుమెంటు గేటు దగ్గర అనూరాధ ఎప్పటిలాగే దిగొచ్చి చందువాలు ఏరుకుంది. ఎల్లాజీ ఎప్పటిలాగే పొలుసు తీసి, ముక్కలు కోసి, కడిగి ఇచ్చాడు. ఏమీ చెప్పలేదు. ఆ సంగతి చెప్పాల్సింది ఆవిడ మొగుడు.

కోనాంలో నడిమి ముక్క మాత్రం ఎవరడిగినా అమ్మలేదు. మిగిలిన ఐసులో పెట్టి, ఎండ వాలాక హైవే వైపు తిప్పాడు. సాయిదుర్గ ఒక్కతే ముక్కాలి స్టాండు మడుస్తోంది.

"సారేరమ్మా?"

"ఎల్పోయారు తాతా. ఇయాల్టితో రిటైరు. మాకు కూడా మజ్జాన్నం దాకా సెప్పనేదు. సామానంతా ముందే ఆయన సొంతూరు బొబ్బిలి ఎల్పోయిందంట." ఆమె జీపు వైపు నడుస్తూ వెనక్కి తిరిగింది. "ఎల్తా ఎల్తా నీ నలబై మూడు తల్సుకుని ఒకటే నవ్వు."

ఎల్లాజీ కూడా నవ్వాడు. పోతమ్మకు ఫోను చేశాడు.

"ఒసేయ్, బండి మనదే. ఎవులూ పట్టుకెల్లరు. కోనాం ముక్క తెత్తన్నాను, సింతపండు నానబెట్టు."

అవతల పోతమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో లారీల మోతలో తెలియలేదు. జీపు వెళ్ళిపోయింది. అప్పుడు చూశాడు ఎల్లాజీ, రైలింగు మీద ఆరేసి మరిచిపోయిన గళ్ళ చేతిరుమాలును. ఒక మూల ఎర్రదారంతో కుట్టిన 'కృ' అక్షరం. ఎండకు పెళుసుగా ఎండిపోయి, లారీ పోయినప్పుడల్లా ఎగిరిపోబోతోంది. వలకు వేసే ముడి ఒకటి వేసి దాన్ని రైలింగుకు కట్టి అతను బండెక్కాడు. తర్వాత పోయిన ట్రైలరు గాలికి రుమాలు ఒక్కసారి విచ్చుకుని, ముడి దగ్గరే ఆగి, మళ్ళీ మెల్లగా వాలింది.