బ్రహ్మం కారుకు పట్టిన చెమట

కారు అమ్మేస్తానని బ్రహ్మం మాట ఇచ్చేశాడు. ఇచ్చింది ఫోన్‌లో, అదీ పెళ్లాం కృష్ణకుమారి వంటింట్లో ఉన్నప్పుడు. ఆమెకు ఆ సంగతి తెలిసేసరికి, కొనే ఆయన ఆదివారం పదకొండు గంటలకు ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ దగ్గరికి వస్తానని ఒప్పేసుకున్నాడు కూడా.

పద్దెనిమిదేళ్లు ఆమె పోచంపల్లి చీరల మూట అమ్మకానికి భుజాన వేసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కింది. ఏ కాలనీలో ఏ మేడమ్‌కు ఏ రంగు నచ్చుతుందో ఆమెకు చూడకుండా తెలుసు. మోసి మోసి కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి దిగింది. దాన్ని ఎవరూ పని అనలేదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక తిరుగుతుందన్నారు. అలా అన్నవాళ్లలో ఒక్కడైనా ఆ మూటను ఒక్క స్టాపు దూరం మోసి ఉంటే ఒట్టు. అలాంటి మనిషి నలభై ఎనిమిదో ఏట డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్స్ తెచ్చుకుంది. పాత తెల్ల కారు డిక్కీలో మొదటిసారి మూట పెట్టి మూత వేసిన రోజు, ఆ డిక్కీని రెండుసార్లు తట్టి నవ్వుకుంది. అది జరిగి రెండు నెలలు కాలేదు.

బ్రహ్మం చెడ్డవాడేం కాదు, భయస్తుడు. వాన పడితే చాలు, కారు ముందు అద్దానికి లోపలివైపు తెల్లగా ఆవిరి పట్టేది. తుడిస్తే మళ్లీ పట్టేది. ఒక మెకానిక్ చూసి ఏ రోగమూ లేదన్నాడు. ఇంకొకడు ఇంజిన్ విప్పాలన్నాడు. బ్రహ్మం రెండోవాణ్నే నమ్మాడు. ఏమీ లేదని చెప్పేవాణ్ని మన జనం ఎప్పుడు నమ్మారు గనక.

"గీ కారుకు చెమట రోగమున్నది," అని తేల్చేశాడు. "ఇరవై ఏండ్ల సంది బండి నడిపినోన్ని, నాకే తొవ్వ కనపడ్తలేదు. నువ్వు మొన్న నేర్చినవ్. వానల ఏ డివైడర్‌కో గుద్దితే ఎట్ల?"

"అమ్మితే నేను మల్ల బస్సెక్కాల్నా?"

అతను కారు తుడిచే బట్ట వెతుక్కోసాగాడు.

ఆదివారం పొద్దున్నే వాన మొదలైంది. బయల్దేరేటప్పుడు బ్రహ్మం తల్లి రాజమ్మ కూడా చెప్పులేసుకుని వచ్చింది.

"నువ్వెందుకే అమ్మా?"

"కారు పోతదంటివి కద. ఆఖరుసారి ఎక్కుత. పెండ్లి చేసి పంపేటప్పుడు పిల్లను సాగనంపమా ఏంది?" అంటూ తడిసిన గొడుగును ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. గొడుగు నీళ్లు సీటు మీదా, కాళ్ల కిందా పారాయి. కృష్ణకుమారి తాళం చెవి కోసం చెయ్యి చాపింది. బ్రహ్మం ఇవ్వలేదు. ఆమె పక్క సీట్లో కూర్చుంది.

చైతన్యపురి దాకా బాగానే వచ్చారు. అక్కడ ట్రాఫిక్ ఆగింది, అద్దం తెల్లబడింది. బ్రహ్మం ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో బట్ట. అతను ఎడమ పక్క తుడిస్తే కుడి పక్క పట్టేది. కొత్తపేట రైతుబజారు దగ్గరికి వచ్చేసరికి ముందున్న ఆటో వెనకలైటు ఎర్రటి మరకలా మిగిలింది. కారును పక్కకు తీసి ఆపాడు.

"చూసినవా? అమ్మకుంటే దీన్తోటి ఏగుతమా?"

వెనక రాజమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటోంది. "అచ్చం మన మగ్గం ఇంట్ల కూసున్నట్టే ఉన్నదిరా," అంది. "కిటికీలు మూసి, కింద నీళ్లు చల్లి, గాలి సొరకుండ. గా ఉక్కల నీ తండ్రి ఎట్ల నేసిండో ఏమో."

కృష్ణకుమారి తల తిప్పి అత్తను చూసింది. తర్వాత కారును చూసింది.

మగ్గం ఇంట్లో గాలి శత్రువు. గాలి తగిలితే దారం ఎండుతుంది, ఎండితే తెగుతుంది. ముప్పై అయిదేళ్లు వచ్చేదాకా గుంటమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చున్న బ్రహ్మం, బట్టల దుకాణంలో చేరాక కూడా ఫ్యాను కింద కూర్చునేవాడు కాదు. కారు కొన్న రోజే గాలి వచ్చే రంధ్రాలన్నీ ఒక్కొక్కటిగా మూసేశాడు. ఇప్పుడు కృష్ణకుమారి కళ్లు ఒక మీట మీద ఆగాయి. దాని మీద చిన్న కారు బొమ్మ, కారు కడుపులో గుండ్రంగా తిరిగే బాణం. పక్కన పసుపు దీపం వెలుగుతోంది.

"ఇదెప్పటి సంది వెలుగుతున్నది?"

"కొన్నప్పటి సంది. బయటి గాలి రాకుండ నేనే ఒత్తిన. ముట్టకు."

"లోపటి గాలే లోపట తిరుగుతున్నది," అందామె. "మన ముగ్గురి ఊపిరి, అత్త గొడుగు నీళ్లు, అన్నీ ఇందులనే ఉన్నయ్. ఏడికి పోతయ్ మరి? అద్దానికే పడ్తయ్. నువ్వు కారును మగ్గం ఇల్లు చేసినవయ్యా. దారానికి తేమ గావాలె. అద్దానికెందుకు?"

మీట నొక్కింది. దీపం ఆరిపోయింది. మూసిన రంధ్రాలు తెరిచింది. గాలి అద్దం మీదికి పోయే బొమ్మ వైపు ఒక మీట తిప్పింది, గాలి జోరు పెంచింది. ఇక ఏసీ మీద వేలు పెట్టేసరికి బ్రహ్మం ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వానల ఏసీ ఏందే? ఇంక చల్లబడితే ఇంక ఎక్కువ పడ్తది."

"మీ దుకాణంల ఏసీ పైపు కింద బకెట్ ఉంటది కద. రోజు నింపుతున్నదెవరు?"

"ఎవరు నింపుతరు, ఏసీ నుంచి కారుతయ్."

"ఏసీల నల్లా పెట్టిండ్రా?"

పదేళ్లుగా ఆ బకెట్ పారబోసేది బ్రహ్మమే. అవి ఏసీ గాలిలోంచి పిండిన నీళ్లని ఒక్కరోజూ అనుకోలేదు. చెయ్యి వదిలాడు. ఆమె ఏసీ వేసి, చలి పెట్టకుండా వేడి మీటను కాస్త ఎర్ర గీత వైపు జరిపింది.

ముందు అద్దం అడుగున ఆవిరి విడిపోయి రెండు చిన్న నల్లటి చోట్లు పడ్డాయి. అవి పెరిగాయి, ఒకదాన్నొకటి కలుసుకున్నాయి, పైకి పాకాయి. ముందు తడిసిన రోడ్డు కనిపించింది. తర్వాత టార్పాలిన్ కింద టమాటాల బుట్టలు, తర్వాత మెట్రో స్తంభం, దాని మీద నంబరు. ముగ్గురూ సినిమా చూస్తున్నట్టు చూశారు.

"గంజి పెట్టిన పడుగు దారం ఎండకు ఆరినట్టు ఆరిందిరా," అంది రాజమ్మ. "అగో, గా బుట్టల దోసకాయలు మంచిగున్నయ్. తెద్దామా?"

"అవుతలోడు ఎదురుచూస్తుండు," అన్నాడు బ్రహ్మం. కానీ అతని గొంతులో తొందర లేదు.

ఎల్‌బీ నగర్‌లో కారు కొనే ఆయన, భానుమూర్తి, గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. విజయవాడ నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన రిటైర్డ్ మేష్టారు. వెనక సీట్లో రాజమ్మ పక్కన కూర్చుని, బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా అడగకుండా ముందు అద్దాన్నే చూశాడు.

"ఇంత వానలో ఇంత శుభ్రంగా కనపడుతోందేంటండీ? నాకు కావలసింది ఇదే. తీసేసుకుంటానండీ."

రోగంతో ఉన్నప్పుడు అమ్మకానికి పెట్టిన కారు, రోగం పోయాక కళ్లముందే పోతోంది. బ్రహ్మం భార్య మొహం చూడలేక బట్టను మడత పెడుతున్నాడు. మాట ఇచ్చినవాడు మరి.

"మీకు కారు లేదా సార్?" అని అడిగింది కృష్ణకుమారి.

"ఎందుకు లేదమ్మా, ఉంది. వానొస్తే చాలు అద్దమంతా చెమరుస్తుంది. మా ఆవిడ ఎక్కనంటే ఎక్కనని కూర్చుంది. ఇంజిన్లో ఏదో లోపమట."

ముందు సీట్లో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది బ్రహ్మం. నవ్వు ఆపుకోలేక స్టీరింగు మీద తల పెట్టాడు. భానుమూర్తికి అవమానం జరిగిందేమోనని రాజమ్మ ఆయన మోకాలు తట్టింది.

"సార్, మీ ఇంటికి ఫోన్ చెయ్యండి," అంది కృష్ణకుమారి. "కారు బొమ్మల తిరిగే బాణం ఉంటది. దీపం వెలుగుతున్నదా అడగండి."

భార్య కుసుమకుమారి కిందికి దిగి కారు తెరిచేదాకా భానుమూర్తి ఫోన్ చెవికి పెట్టుకునే ఉన్నాడు. అవతలి గొంతు కారంతా వినిపించింది.

"వెలుగుతోందండీ. దుమ్ము రాకుండా ఉంటుందని మీరే కదా నొక్కారు, ఎవర్నీ ముట్టుకోవద్దన్నారు. దీనికోసం కొత్త కారా?"

భానుమూర్తి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "బ్రహ్మంగారూ," అన్నాడు, "మీరేమీ అనుకోకపోతే, నాకు ఇక కారు అవసరం లేదండీ."

"నేనేమనుకుంట సార్. నా రోగమే మీది."

కృష్ణకుమారి తలుపు తెరిచి, వానలో చుట్టూ తిరిగి వచ్చి డ్రైవరు పక్క అద్దం మీద కొట్టింది.

"దిగు."

బ్రహ్మం దిగాడు. ఆమె సీటు ముందుకు జరుపుకుంది.

"కూసోండి సార్, ఇంటికాడ దింపుత," అంది, వనస్థలిపురం వైపు బండి తిప్పుతూ. "మీ మేడమ్‌కు ఏ రంగు ఇష్టం? డిక్కీల మూట ఉన్నది."

పక్క సీట్లో బ్రహ్మం మడత పెట్టిన బట్టతో ఏం చెయ్యాలో తెలియక, దాంతో అమ్మ గొడుగు తుడవడం మొదలుపెట్టాడు.