గట్టు పాదంలో మట్టి

క్యూబెక్‌లో నది ఒడ్డున, ఎత్తైన గట్టు పాదంలో ఆషీల్ గ్రావెల్ ఇటుకల కార్ఖానా. గట్టు మీద అతని అన్న ఓవిలా ఇల్లు. తండ్రి హయాం నుంచీ ఆ గట్టు కిందే మట్టి తవ్వి, అచ్చుపోసి, కాల్చేవారు. చుట్టుపక్కల ఊళ్లలో బళ్లూ చర్చీలూ చాలావరకు ఆ ఇటుకలతో లేచినవే.

ఆ ఏడు మంచు కరుగుతుండగా ఓవిలా పెరట్లో నేల బీటలిచ్చింది. మట్టి పరీక్షలు చేసే ఇంజనీరైన అతని కూతురు సోలాంజ్ వచ్చి అక్కడ లోతుగా బోరు వేసింది. పైకి తీసిన బూడిదరంగు మట్టిని నేరుగా చిన్నాన్న దగ్గరికి తెచ్చింది.

రొట్టెంత ముద్ద కోసి బల్ల మీద పెట్టి, దానిపైన ఇటుకలు పేర్చింది. ముద్ద చెక్కుచెదరలేదు. ఇంకో ముక్క గిన్నెలో వేసి గరిటెతో కలిపింది. చూస్తుండగానే అది జావలా జారిపోయింది.

"నీళ్లు పోశావా?" అన్నాడు ఆషీల్.

"చుక్క కూడా పొయ్యలేదు బాబాయ్. ఇది ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న మట్టి. ఉప్పు దీన్ని పట్టి ఉంచేది. వేల ఏళ్ల వానలకి ఆ ఉప్పు కొట్టుకుపోయింది. కదపనంతసేపే గట్టిగా ఉంటుంది."

ఆషీల్ గిన్నెలో వేలు ముంచి చూశాడు.

"నా తవ్వకం వల్లేనా?"

"గట్టు పాదాన్ని నదీ కోస్తోంది, నువ్వూ కోస్తున్నావు. ఎప్పుడైనా ఇంటితో సహా జారొచ్చు," అంది సోలాంజ్ తలెత్తకుండా. "నాన్నకి ఈ మాట నేను చెప్పలేను."

ఆ మధ్యాహ్నమే ఆషీల్ యంత్రాలు ఆపించి, పనివాళ్లను పంపేశాడు. వాళ్లు తిట్టిపోస్తున్నా ఆగకుండా గట్టెక్కి, అన్నకు ఉన్నదున్నట్టు చెప్పాడు. బఠానీల సూపు కలుపుతున్న ఓవిలా గరిటె ఆపలేదు. భార్య జెర్మేన్ ఆ ఇంట్లోనే కన్నుమూసిందనీ, తానూ అక్కడే పోతాననీ అన్నాడు.

"అయితే నేనూ ఇక్కడే పడుకుంటా అన్నయ్యా. నేను తవ్విన గోతిలో నువ్వొక్కడివే పడితే, ఆ తర్వాత నేను బతకలేను."

అన్నట్టే వంటింటి బల్ల మీద పడక వేశాడు. బతిమాలలేదు, వాదించలేదు. కొన్నాళ్లు చూసి ఓవిలా ఒక ఉదయం జెర్మేన్ ఫోటో గోడ మీంచి తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నీ గురక పడలేకపోతున్నాను. పద."

ఏప్రిల్‌లో ఒక పట్టపగలు గట్టు కదిలింది. అన్నదమ్ములు గట్టుకు దూరంగా ఉన్న చర్చి మెట్ల మీద నిలబడి చూశారు. నేల పాలు పొంగినట్టు పొంగి నదిలోకి పారింది. ఇల్లు కూలలేదు, మెల్లగా పక్కకు తిరిగి, ఓడలా సాగి మునిగింది. వెనకే కార్ఖానా పొగగొట్టం ఒరిగిపోయింది. మనుషులెవరూ పోలేదు.

అన్న తనను ఒక్క మాటైనా నిందిస్తాడని ఆషీల్ ఎదురుచూశాడు. ఓవిలా మాత్రం ఇద్దరికీ కలిపి ఇల్లు వెతికాడు. ఇద్దరూ పట్నంలో ఒకే వాటాలో చేరారు.

జూన్‌లో ఓవిలా ఆ చోటికి వెళదామన్నాడు. ఆరిన బురద మధ్య, నీళ్ల అంచున, జెర్మేన్ పెరట్లో నాటిన ఊదాపూల లైలాక్ పొద నిటారుగా నిలబడి పూసి ఉంది. మట్టితో పాటే అంత దూరం వచ్చింది.

"పార ఉందా? దీన్ని తీసుకుపోదాం," అన్నాడు ఓవిలా.

"వద్దన్నయ్యా. ఈ నేలలో నేనిక పార దింపలేను."

ఓవిలా తమ్ముడి ముఖం చూశాడు. జేబులోంచి చాకు తీసి, ఒక పూలకొమ్మ కోసి అతని చేతిలో పెట్టాడు. రెండో కొమ్మ తన కోసం కోసుకున్నాడు.