దేవమణి గారి సముద్రం

పొద్దున్నే లేచి దేవమణి చేసే మొదటి పని వెనక గది గడప మీద మేట వేసిన ఇసుక ఊడ్చడం. తర్వాత పాలు పొయ్యి మీద పెట్టి, అత్తగారు కరుణమ్మను లేపి, చెయ్యి పట్టుకుని ఆ గదిలోకి తీసుకెళ్లి, నీళ్లలో వేసి ఉంచిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెడుతుంది. సముద్రం అక్కడ మోకాళ్ల దాకా ఉంటుంది. కరుణమ్మ చీర కొంచెం పైకి లాక్కుని, కళ్లు మూసుకుని, తీరిగ్గా ప్రార్థన చేసుకుంటుంది. ఈలోగా దేవమణి వంట ముగించి, భర్తకూ తనకూ కేరేజీలు సర్ది, అత్తగారిని బయటికి తెచ్చి, కాళ్లకు పట్టిన ఉప్పు మంచినీళ్లతో కడిగి, ఆసుపత్రి ల్యాబులో డ్యూటీకి పరిగెత్తాలి. ఇంట్లో సముద్రం ఉన్నందువల్ల పని పెరిగింది ఆవిడ ఒక్కదానికే. సుఖం మాత్రం అందరికీ.

శృంగవరపుకోట కొండల పక్క ఊరు. అక్కడివాళ్లు సముద్రం చూడాలంటే బస్సెక్కి విశాఖపట్నం వెళ్లాలి. అలాంటి ఊళ్లో, మధ్యతరగతి మాస్టారి ఇంట్లో, బియ్యం బస్తాలు పెట్టుకునే గదిలోకి సముద్రం రావడానికి కారణం దేవమణి కోరిక ఒకటి.

ఆవిడ పుట్టింది కళింగపట్నంలో. తండ్రి బాప్టిస్టు చర్చిలో సంఘ పెద్ద. అలల చప్పుడుకి నిద్రపోయి అలల చప్పుడుకి లేచిన పిల్ల, పెళ్లయ్యాక ఈ కొండల దగ్గరికి వచ్చి పడింది. ఒక వేసవిలో తీరిక దొరికి ఫోను చూస్తుంటే ఒక వీడియోలో గ్రీసు దేశంలోని కెంక్రేయ అనే పాత రేవు కనిపించింది. చిన్నప్పటి నుంచి చర్చిలో బైబిలు చదివేటప్పుడు వింటున్న పేరే. అది నిజంగా ఉన్న ఊరనీ, టికెట్ కొనుక్కుంటే వెళ్లొచ్చనీ ఆవిడకి ఎప్పుడూ తట్టలేదు. రెండు వేల ఏళ్లనాటి రేవు గోడలు తేట నీళ్లలో మునిగి ఉన్నాయి. ఆ గోడల మీదుగా ఎవరో ఒకావిడ వెల్లకిలా తేలుతూ పోతోంది. ఆవిడకి వంట లేదు, డ్యూటీ లేదు, ఎవరూ పిలవడం లేదు.

“ఏవండీ, మనం ఇక్కడికి ఎల్దామా?” అని భర్తని అడిగింది దేవమణి. పెళ్లయ్యాక ఆవిడ నోరు విడిచి అడిగింది ఇదొక్కటే.

శాంతికుమార్ హైస్కూల్లో సోషల్ మాస్టారు. ఏటా గ్రీకు నాగరికతను బోర్డు మీద రాసి, పిల్లల చేత వల్లె వేయించి, తుడిచేసే మనిషి. “ఎల్దాం, దాందేవుంది” అన్నాడు. చెడ్డవాడు కాదు. ప్లాన్లు వేయడమంటే మహా సరదా. ఏథెన్సులో ఏం చూడాలి, కొరింథుకి రైలా బస్సా, సముద్రం ఒడ్డున తెల్ల గోడల లాడ్జిలో ఏ గది తీసుకోవాలి, అన్నీ అన్నం ముందు కూర్చుని తేల్చాడు. మే నెల దగ్గర పడేసరికి కూతురు దీవెన ఇంటర్ చదువు గుర్తొచ్చింది.

“వచ్చే యేడు ఎల్దాంలే. అయినా పాడుబడ్డ గోడలు మన రామతీర్థం కొండ మీద లేవేటి? సముద్రం మీ కళింగపట్నంలో లేదేటి? రెండూ ఒక్కసోట సూడ్డానికి అంత దూరం ఎల్లాలా?” అని నవ్వాడు.

దేవమణి కూడా నవ్వింది. ఆ వారమే వెనక గది మూల చెమ్మ కనిపించింది.

పైపు పగిలిందనుకుని ప్లంబరు కొండబాబుని పిలిచారు. అతను వంగి, నీళ్లలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకున్నాడు. “ఇది పైపు నీరు కాదు మేడమ్. సముద్రం. నా సేతిలో పని కాదు” అని సామాను సంచీలో వేసుకుని వెళ్లిపోయాడు. బియ్యం బస్తాలు ముందు గదిలోకి మార్చారు. అంతకంటే ఎవరూ హడావిడి చేయలేదు.

తర్వాతి ఏడు ఇంటి పైన శ్లాబు వేయాల్సొచ్చి ప్రయాణం ఆగింది. నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. ఆపై ఏడు మాస్టారికి ఎన్నికల డ్యూటీ పడింది. నీళ్లతోపాటు చెక్కిన రాళ్లు బయటపడ్డాయి, విరిగిన స్తంభం ఒకటి కిటికీ పక్కన నిలబడింది, చిన్న చిన్న చేపలు తిరగసాగాయి. అప్పటికి మంచం దిగలేని కరుణమ్మ ఒకరోజు సరదాకి కొడుకు చేత ఎత్తించుకుని వచ్చి అందులో కాళ్లు పెట్టుకుంది. వారం తిరగకుండా కర్ర లేకుండా చర్చికి నడిచి వెళ్లింది. పక్కింటి దాలమ్మ మోచేతి నొప్పి కోసం రావడం మొదలుపెట్టింది. శాంతికుమార్ బడి నుంచి వచ్చి, స్తంభానికి ఆనుకుని, పాదాలు నీళ్లలో వేసుకుని పేపరు చదివేవాడు. బీపీ తగ్గిందని డాక్టరే చెప్పాడు. వీధిలో అందరూ దాన్ని దేవమణి గారి సముద్రం అనేవాళ్లు. ఆవిడకి మాత్రం అందులో దిగే తీరిక ఎన్నడూ దొరకలేదు.

ఒక్క ఏడు ప్రయాణం దాదాపు ఖాయమైంది. లీవు దొరికింది. వీసా పని మీద హైదరాబాదు బయల్దేరాలి. పెట్టె సర్దుతూ దేవమణి కూనిరాగం తీస్తుంటే, వెనక గదిలో కరుణమ్మ కేక పెట్టింది. నీళ్లు వెనక్కి పోయాయి. కుర్చీ కింద తడి ఇసుక మాత్రమే ఉంది. ముసలావిడ మోకాళ్లు పట్టుకుని ఏడుస్తోంది. శాంతికుమార్ తల్లి వైపు చూశాడు, భార్య పెట్టె వైపు చూశాడు. “ఈ యేడు వద్దులే దేవమణీ” అన్నాడు. దేవమణి సర్దిన చీరలు తీసి మళ్లీ బీరువాలో పెట్టేసింది. అన్నాల వేళకి సముద్రం మళ్లీ నిండుగా ఉంది.

ఆ తర్వాత మాస్టారే స్వయంగా ప్రతి మార్చిలో గ్రీసు మాట తెచ్చేవాడు. ఏ లాడ్జి, ఏ గది, కిటికీలోంచి రేవు కనబడుతుందా లేదా, అన్నీ ఓపిగ్గా అడిగేవాడు. దేవమణి మొహం వెలిగేది. మేలో ఏదో ఒక అడ్డు వచ్చేది. పాపం ఆయనకీ వెళ్లాలనే ఉంది, కుదరడం లేదంతే అని ఆవిడ నమ్మింది. నమ్మకపోతే రోజు గడవదు కూడాను.

ఈ ఏడు మార్చిలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి వంటింట్లో చేపలు కడుగుతోంది దేవమణి. అత్తగారికి తువ్వాలు ఇద్దామని వెనక గది దాకా వెళ్లింది. లోపల తల్లీ కొడుకులు మాట్లాడుకుంటున్నారు.

“నీరు పల్సబడ్డాదిరా. మోకాలు పట్టేస్తన్నాది. ఈ యేడు ఇంకా ఆ ఊరి మాటెత్తలేదేటి?” అంది కరుణమ్మ.

“పరీక్షల పన్లో పడిపోనానే అమ్మా. ఎత్తుతాన్లే.”

“తొందరగా ఎత్తు. పాలకి తోడెట్టినట్టు రవ్వంత సాలు. దాని మొగం ఎలిగితే నీరు అదే వస్తాది. మరీ ఎక్కువ సెప్పీకు, బయల్దేరిపోగల్దు.”

“నాకు తెలీదేటి” అని శాంతికుమార్ నవ్వాడు.

దేవమణి తువ్వాలు గుమ్మానికి తగిలించి వంటింట్లోకి వచ్చి చేపలు కడగడం పూర్తి చేసింది. గేదెకి దాణా వేశావా అని అడిగినట్టు అడుగుతున్నారే అనుకుంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. కోపం వస్తుందనుకుంది, అదీ రాలేదు. లోపల ఎక్కడో ఇన్నేళ్లుగా దాచుకున్న చోటు తడిమితే అక్కడ ఏమీ తగల్లేదు. దానికే ఆవిడకి భయం వేసింది.

భోజనాల దగ్గర శాంతికుమార్ ఫోను తీశాడు. “ఇదిగో దేవమణీ, ఈ గది సూడు. మంచమ్మీంచే సముద్రం కనబడతాది.”

దేవమణి చూసింది. నీలంగా ఉంది. రేపటికి మినప్పప్పు నానబెట్టానా లేదా అని ఆలోచించింది.

మర్నాటికి నీళ్లు జానెడు తగ్గాయి. శాంతికుమార్ ఇంకా మంచి లాడ్జి చూపించాడు. నీళ్లు ఇంకా తగ్గాయి. మనిషికి గాభరా పుట్టి, ఈసారి ఒట్టి మాటలు కాదని నిరూపించడానికి, ఆవిడని హైదరాబాదు తీసుకెళ్లి వీసాలు వేయించి, క్యాన్సిల్ చేస్తే పైసా తిరిగి రాని టికెట్లు రెండు కొనేశాడు. దేవమణి చెప్పినచోటల్లా సంతకం పెట్టింది. సముద్రం కుర్చీ కాళ్లు కూడా తడపలేదు.

వీధివాళ్లు మందలించడానికి వచ్చారు. “ఏటమ్మా ఇది, ముసల్దాని ఉసురు పోసుకుంటావేటి? సిటికెడు ఆశ పడితే నీ సొమ్మేం పోతాది?” అంది దాలమ్మ, మోచెయ్యి రుద్దుకుంటూ. పాస్టరు గారు ఇంటికొచ్చి, ఈ సహోదరికి కోరిక దయచేయమని మోకరించి ప్రార్థన చేశారు. అందరూ ఆమేన్ అన్నారు. దేవమణి అందరికంటే గట్టిగా అంది, ఎందుకంటే ఆవిడకి నిజంగానే అది కావాలి.

ఒక మధ్యాహ్నం ఒక్కతే వెనక గదిలోకి వెళ్లి, తడి ఇసుకలో చతికిలబడి, ఫోనులో ఆ పాత వీడియో పెట్టుకుంది. ఆ గోడలే. ఆ నీళ్లే. వీడియోలో ఆ మనిషి అలాగే తేలుతోంది. దేవమణి పళ్లు బిగబట్టి ఆశపడటానికి ప్రయత్నించింది. అత్తగారి కోసం కాదు, తన కోసమే. ఇన్నేళ్లూ తనదంటూ ఉన్నది ఇదొక్కటే, దీన్ని కూడా వాడుకుని అరగదీసేశారు కదా అనుకుంది. వీడియో అయిపోయింది. పక్కనున్న చివరి గుంటలోని నీళ్లు ఇసుకలోకి ఇంకిపోయాయి. చేపల్ని ఏరి గిన్నెలో వేసుకుని బయటికొచ్చింది.

ఆ పూట నుంచే కరుణమ్మ మోకాళ్లు బిగుసుకుపోయాయి. మంచం మీదే అన్నీ. ప్రయాణం దగ్గర పడింది. కూతురు చూస్తే దూరంలో ఉంది, ముసలావిడని వదిలి ఇద్దరూ వెళ్లడం కుదరదు. టికెట్లు రెండూ మురగబెట్టుకోవడమూ కుదరదు. శాంతికుమార్ చాలాసేపు వరండాలో అటూ ఇటూ తిరిగి, లోపలికొచ్చి అన్నాడు.

“మరి నేనెల్లొస్తానే. నీకెలాగూ ఇష్టం లేదు కదా.”

“లేదండీ” అంది దేవమణి. అబద్ధం కాదు.

ఆయన సూటుకేసు ఆవిడే సర్దింది. నాలుగో రోజు కెంక్రేయ నుంచి వీడియో వచ్చింది. శాంతికుమార్ నిక్కరు వేసుకుని నీళ్లలో నిలబడ్డాడు. “ఎంత బాగున్నాదో దేవమణీ, ఇన్నాళ్లూ పిల్లలకి ఏటి సెప్పినానో నాకే తెలీలేదు. నువ్వు రావలసింది” అన్నాడు. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. దేవమణి దాన్ని చూసి, ఫోను పక్కన పెట్టి, అత్తగారి కింద దుప్పటి మార్చడానికి ఆవిడని పక్కకు తిప్పింది.

గోడ వైపు తిరిగి పడుకున్న కరుణమ్మ ఉన్నట్టుండి అంది. “నాకూ ఒక ఊరుండీదే. మిషను ఆసుపత్రిలో దొరసాని గారు వాళ్లూరి ఫోటో సూపించినారు, నాకు పెళ్లైన కొత్తలో. సూడాలని తెగ ఉండీది. అప్పుడు మా వంటింట్లో మంచు పడీది. ఎండల్లో మీ మావా, మా అత్తా ఆడే సాపేసుకుని పడుకునీవోరు.”

దేవమణి చేతిలో దుప్పటి ఆగిపోయింది. అత్తగారికి ఆ తోడు పెట్టే విద్య ఎక్కడ అబ్బిందో అప్పుడు తెలిసింది.

“ఏ ఊరత్తా అది?”

కరుణమ్మ చాలాసేపు పెదాలు కదిపింది. ఏదో వస్తున్నట్టే వచ్చి ఆగిపోయింది. “రాట్లేదే. పేరు మర్సిపోనాను” అని చిన్నపిల్లలా ఏడ్చింది.

దేవమణి ఆవిడ కళ్లు తుడిచింది. తుడుస్తూనే భయపడి, తను చూడాలనుకున్న ఊరి పేరు లోపల ఒకసారి అనుకుని చూసుకుంది. ఇంకా గుర్తుంది.