మా ఆయన ఫిట్ అయిన రోజు

నా మొగుడికి రోగముందని డాక్టర్లు రాసివ్వాలని కనిపించిన దేవుడికల్లా మొక్కాను. తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి! గోదావరిఖనిలో నాలాంటి ఆడవాళ్ళు ఇంకా ఉన్నారు. గని కార్మికుడు ఇక పనికి అన్‌ఫిట్ అని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది.

మా కొడుకు రుత్విక్‌కు సెల్‌ఫోన్ల దుకాణం ఉండేది. చిట్టీల కంపెనీ జెండా ఎత్తేసిన ఏడాది సగం ఊరితోపాటు వాడూ మునిగాడు. ఇప్పుడు బజారు మళ్ళీ కోలుకుందంటున్నారు. కోలుకుంది, ఎందుకు కోలుకోలేదూ! మా వాడు అదే బజారులో బండిమీద బిర్యానీ పొట్లాలు మోస్తున్నాడు. మా ఆయన రఘుపతి రెండేళ్ళలో రిటైరవుతాడు. బోర్డుకు వెళ్ళడానికి ఇదే ఆఖరి అవకాశం.

దొంగరోగం కాదు. ఆయన మోకాళ్ళు నిజంగానే అరిగిపోయాయి. డ్యూటీ నుంచి వచ్చాక నా భుజం పట్టుకోనిదే గడప దాటలేడు.

"నొస్తే నొస్తుందని చెప్పు. ఆడ నీ మొగతనం చూపియ్యకు," అని బోర్డుకు పోయే బస్సులో నూరిపోశాను.

"ఎన్నిసార్లు చెప్తవే? చెప్త తియ్!"

దవాఖానలో నన్ను తలుపు దగ్గర నిలబడనిచ్చారు. డాక్టరు చిన్నవాడు, మంచివాడు. "మొదట్లో ఏం పని చేసేవారు?" అని అడిగాడు.

"కోల్‌ఫిల్లర్ సార్. బొగ్గు ఎత్తి టబ్బులల్ల నింపుడు."

"అబ్బో! రోజుకు ఎన్ని నింపేవారు?"

అంతే, మా ఆయన ముఖం వెలిగిపోయింది. "నాతోని పోటీకి ఎవడచ్చెటోడు సార్!" అంటూ లేచాడు. చేతిలో పార ఉన్నట్టే వంగి, బొగ్గు ఎత్తి, నడుం తిప్పి విసిరాడు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. కూర్చోవయ్యా మహానుభావా, అని లోపల్లోపలే మొత్తుకున్నాను. డాక్టరు మెచ్చుకోలుగా నవ్వి, ఫిట్ అని రాశాడు.

వరండాలోనే ఏడ్చాను. తిరుగు బస్సులో ఆయన్ని కడిగేశాను. "కొడుకు నోటికాడి బుక్క గుంజినవ్ గదా! ఏం పుట్టిందయ్యా నీకు?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "ముప్పయ్యేండ్లల్ల ఒక్కడన్న అడగలేదే," అన్నాడు, "ఎన్ని టబ్బులు నింపినవని."

అయినా నాకు కోపం పోలేదు, అబద్ధమెందుకు.

మా స్టాపు వచ్చింది. సీటు కడ్డీ పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించాడు, లేవలేకపోయాడు. ఫిట్ కాగితం నా సంచిలో పెట్టుకుని, నేనొక రెక్క, కండక్టరొక రెక్క పట్టి ఆయన్ని కిందికి దింపాము.