వేళ తప్పిన కవాటములు

శ్రావణమాసము నడుచుచుండెను. అనంతగిరి శిఖరములనుండి జారిన మేఘమాలికలు కాఫీతోటలమీదుగా మిరియపుతీగెలమీదుగా మెల్లగా దిగివచ్చి కనుమదారిని ఒక్కొక్క మలుపుగా మ్రింగుచు లోయలోని వృక్షాగ్రములనుమాత్రము నీటిపై తేలు నాచువలె మిగిల్చెను. మధ్యాహ్నము మూడుగంటలైనను భానుబింబము కానరాక పగలే మసకబారియుండెను. శిలాభిత్తులవెంట జాలువారు జలధారల సవ్వడి తక్క వేరుధ్వని వినబడని ఆ వేళ తెల్లని కారొకటి దిగువకు వచ్చుచు ఒకానొక మలుపునొద్ద గడగడ వణకి ఊపిరాడనిదానివలె రొప్పి ఆగిపోయెను. చోదకుని యెదుటనున్న పలకపై పసుపువన్నెగల చిన్నదీపము వెలిగెను. లోపలనున్న మనుష్యుడు దానిని మరల నడిపింప యత్నింపక చేతులు రెండును ఒడిలో నుంచుకొని ప్రక్కనున్న ఖాళీ ఆసనమువైపు తిరిగి కూర్చుండెను.

అతని పేరు సన్యాసినాయుడు. అనంతగిరిలో కాపురముండి విహారార్థము వచ్చు జనులను సొంతకారులో కొండపైకిని దిగువనున్న శృంగవరపుకోటకును చేరవేయుచు జీవించువాడు. పదునెనిమిది వత్సరములుగా ఆ కనుమదారిలో తిరిగినవాడగుటచే ఏ మలుపున రాయి జారునో ఏ మలుపున మంచు ముందుగా క్రమ్మునో కన్నులు మూసికొని చెప్పగలవాడు. అట్టివాని కారు మూడునెలలుగా దిగువకు వచ్చినప్పుడెల్ల ఆ యొక్క మలుపునందే తనంతట తాను ఆగుచుండెను. అరగంట గడచినపిదప తాళము త్రిప్పినంతనే ఏమియు జరుగనట్లు కదలుచుండెను.

కారు అచ్చట మొదటిమారు ఆగినది వైశాఖమాసమున. ఆ యుదయమున అతని భార్య పైడితల్లి మిరియపుతోటలో పనిచేయుచుండగా ఆమె చీలమండపై సర్పము కాటువైచెను. నాయుడామెను కారులో కూర్చుండబెట్టుకొని ఆసుపత్రికై శృంగవరపుకోటవైపు వాయువేగమున దిగుచుండెను. సగము దారిలో ఆమె అతని మోచేయి పట్టుకొని హీనస్వరమున నిట్లనెను.

“కాసేపు ఆపవా? కళ్లు తిరుగుతన్నాయి నాకు.”

“ఇప్పుడాపితే ఎలాగే? కోటకెల్లిపోదుము. కుసింత ఓర్సుకో.”

అతడాపలేదు. కాని పట్టుమని నాలుగు నిమిషములు గడవకమునుపే మలుపునొద్ద కారు తనకుతానై ఆగిపోయెను. అతడు తాళము త్రిప్పెను. మరల త్రిప్పెను. దిగి రోడ్డుమీద అటునిటు పరుగెత్తెను. ఫోనునకు సంకేతములేదు. మంచులో వాహనమొక్కటియు రాలేదు. ఇరువదియైదు నిమిషములకు కొండపైనుండి వచ్చిన లారీలో నామెను ఎక్కించునప్పటికి ఆమె పెదవులు నల్లబడియుండెను. కోట పొలిమేర కనబడుచుండగా ఆమె ప్రాణము పోయెను.

అంత్యక్రియలు ముగిసిన పదునేనుదినములకు నాయుడు మరల కారు నడుపసాగెను. మొదటి దిగుడులోనే ఆ మలుపునొద్ద కారు ఆగెను. పసుపుదీపము వెలిగెను. ఆ వెలుగులో అతనికి భార్య చెక్కిళ్లపై పసుపు కనబడెను. ఆమె కొంగున నెల్లప్పుడు నుండెడి పచ్చిమిరియపువాసన కారునిండ వ్యాపించినట్లు తోచెను. తాను ఆపనందుననే తన భార్య ఆ చోటున తన్ను ఆపుచున్నదని అతనికి నమ్మకము కుదిరెను. ఆ నమ్మకము మొదట భయమై నెలతిరుగునప్పటికి ఒకవిధమగు ఊరటయయ్యెను. అచ్చట కూర్చుండి అతడు ఇంటిసంగతులు చెప్పుచుండెడివాడు. మిరియము పండినదనువాడు. చూరు కారుచున్నదనువాడు. కొందరు చుట్టములు భూతవైద్యుని పిలువుమనిరి. అతడు వారి ముఖమైనను చూడలేదు.

ఇట్లుండగా శ్రావణమున నొకనాడు పసిబిడ్డతోడి దంపతులను దిగువకు తీసికొనిపోవుచుండెను. ఆ మలుపునొద్ద కారు ఆగినక్షణమున వెనుకనుండి వచ్చుచున్న లారీ కీచుమని అరచి జానెడుదూరమున నిలిచెను. తల్లి బిడ్డను రొమ్మునకదుముకొని పెట్టిన కేక లోయలో ప్రతిధ్వనించెను. ఆ మరునాడు నాయుడు శృంగవరపుకోటకు పోయి బంగారాచారి షెడ్డుముందు కారు నిలిపెను.

లక్కోజు బంగారాచారి ఏబదియైదేండ్ల మెకానిక్కు. అతని పితామహులు ఎడ్లబండ్లకు ఇరుసులు చేసినవారు. చెవితోనే రోగము పట్టగలడని ఆ చుట్టుప్రక్కల పేరుపొందినవాడు. నాయుని కారును కొన్ననాటినుండియు అతడే బాగుచేయుచుండెడివాడు. పైడితల్లి పోయినపిదపమాత్రము నాయుడు కోటలో ఎవ్వరిముఖమును చూడజాలక విజయనగరమున బాగుచేయించెను. అచ్చటివారు బ్యాటరీ మార్చిరి. ప్లగ్గులు మార్చిరి. పెట్రోలుపంపును మార్చిరి. ఫలము కలుగలేదు.

“బండిలో లోపం లేదని నాకు తెలుసు ఆచారీ. అక్కడ పైడితల్లే ఆపుతంది. నన్నొక్కడ్నే అయితే ఎన్నిసార్లయినా ఆపనీ. ఎక్కినోళ్లేటి సేసినారు?” అని నాయుడు నేలచూపులు చూచుచు పలికెను.

ఆచారి నవ్వలేదు. “రేపు నీతో నేనూ వస్తాను. ఎప్పుడూ ఎలా తోల్తావో అలాగే తోలు” అనిమాత్రమనెను.

మరునాడు ఇరువురును కొండయెక్కి మరల దిగసాగిరి. ఆచారి కన్నులు మూసికొని ఇంజనుధ్వనియందే మనస్సు నిలిపియుండెను. దారియంతయు దిగుడేగాని ఆ మలుపునకు ముందు అరమైలుదూరము నిటారగు ఎక్కుడొకటి కలదు. నాయుడచ్చట బలముగా త్రొక్కగా ఇంజను గర్జించుచు పైకెక్కెను. ఎక్కుడు ముగిసినచోటనే సూదిమొనవంటి మలుపు. నాయుడు కాలు తీసెను. ఇంజను మందగతికి దిగినంతనే వణకెను. రొప్పెను. ఆగెను. దీపము వెలిగెను.

మంచు అద్దములను కప్పెను. నాయుడు ప్రక్కనున్న మనుష్యుని మరచినవాడై సన్ననిగొంతుతో “ఆచారొచ్చాడే. నీకు తెల్సినోడే. కోప్పడకు” అనెను. ఎండయందును వానయందును ఇనుముతో పెనగులాడి ఏనాడును వెరువని ఆచారికి ఆ మాటతో వీపున చలిప్రాకెను. ఐనను అతని చెవి తన పని తాను చేసెను. ఊపిరి విడుచుచున్నవాడే ఊపిరి పీల్చబోయి ఉక్కిరిబిక్కిరియైనట్లు ఆ ఇంజను చచ్చెనని అతడు గ్రహించెను.

అందలి మర్మమిది. ఇంజనులోని ప్రతి సిలిండరునకును గాలి లోనికి వచ్చుటకొక ద్వారమును పొగ వెలికి పోవుటకొక ద్వారమును కలవు. వాల్వులనబడు ఆ కవాటములను తిరుగుచున్న కడ్డీపైనున్న బొడిపెలు తెరచుచుండును. పూర్వపు ఇంజనులలో ఏ కవాటమెప్పుడు తెరువబడవలయునో ఒక్కమారే నిర్ణయింపబడి బండి నడచినను పరుగెత్తినను ఆ వేళ మారకుండెడిది. కాని ఇంజను వేగముగా తిరుగునప్పుడు గాలికవాటము ఇంచుక ముందుగా తెరువబడిన బలము హెచ్చును. అప్పుడు పొగకవాటము ఇంకను మూతపడకయే యుండుటచే రెండును క్షణకాలము కలిసి తెరచియుండును. వెలికి ఉరుకుచున్న పొగ తన జోరుచేత తాజాగాలిని వెంటలాగును గనుక వేగమున ఇది మేలే. మందగతిలోనైతే ఆ పొగయే వెనుకకు మరలి గాలిదారిలో చొచ్చి లోనికివచ్చు ఊపిరిని చెరచును. ఇందులకై నేటి ఇంజనులలో ఆ కడ్డీకొనయందు గదులుగల చక్రమొకటి అమర్చి కొన్నిగదులలోనికి నూనెను త్రోసిన కడ్డీ ఇంచుక ముందునకును ఎదుటిగదులలోనికి త్రోసిన వెనుకకును తిరుగునట్లు చేసిరి. కారులోని కంప్యూటరు వేగమునుబట్టి ఆజ్ఞయిచ్చుచుండగా వ్రేలెడంత నూనెవాల్వొకటి ఆ నూనెను అటునిటు మళ్లించుచుండును. ఎక్కుడులో ముందునకు తిరిగిన కడ్డీ మలుపునొద్ద కాలు తీసినంతనే వెనుకకు రావలయును. రాలేదు. ఆ దారిలో అంత బలముగా త్రొక్కి అంతలోనే కాలు తీయవలసిన చోటు మరియొకటి లేదు.

నాటి సాయంకాలమే ఆచారి షెడ్డులో ఒంటరిగా కూర్చుండి ఆ నూనెవాల్వును విప్పెను. దాని ముఖమునగల సన్ననిజల్లెడ ఒకమూల చినిగియుండెను. ఆ చినుగుగుండ చొచ్చి వాల్వులోపల జరుగు చిన్నకడ్డీని కదలనీయక బిగియబట్టిన పదార్థమొకటి కనబడెను. నూనెజోరు హెచ్చినప్పుడు అది లోనికి చొచ్చి ఇరుకుకొనుచు చల్లారినపిదప సడలుచు వచ్చినది. అతడు దానిని సూదితో వెలికి తీసి అరచేతిలో నుంచి గుడ్డతో తుడిచెను.

అది ఎఱ్ఱనిగమ్ము ముక్క. బియ్యపుగింజంత యుండెను.

ఇంజను పైమూతను అతికించుటకు వాడు అట్టి ఎఱ్ఱనిగమ్మును ఆ యూర ఆచారి తప్ప మరెవ్వరును వాడరు. చైత్రమాసాంతమున నూనె కారుచున్నదని నాయుడు కారు తెచ్చినప్పుడు ఆ మూతను విప్పి బిగించినది అతడే. ఆనాడు అమ్మవారి జాతర. ఇంటివారు వేచియుండిరి. సన్నగా రాయవలసిన గమ్మును అతడు తొందరలో దళముగా పూసెను. ఎక్కువైనది లోపలివైపు పొంగునని అతనికి తెలియును. ఎండి తెగి నూనెలో పడునని తెలియును. ఒక్కమారు విప్పి తుడిచిన పావుగంటపని. ఏమగునులే యని మూత బిగించెను. పైడితల్లి మరణించినది ఆ పిమ్మట ఇరువదిదినములకు.

రోడ్డుమీద బస్సులు పోవుచుండెను. ఆ ముక్కను గోటితో విసరివైచిన చాలును. సూదిమొనంత జాడయు మిగులదు. నాయుడు తనకు నమస్కరించి పోవును. అట్లని తలచినంతనే షెడ్డులో నెవరో ఆడుమనిషి మెల్లగా ఊపిరి పీల్చుచున్నట్లు అతనికి వినబడెను. తిరిగి చూచెను. గోడనున్న గాలిగొట్టమునుండి గాలి సన్నగా వెడలుచుండెను. లేచి దానిని బిగించెను. ఆ ధ్వని ఆగినది. ఐనను అతనిచెవిలో ఆగలేదు.

క్రొత్తవాల్వు తెప్పించి అమర్చి నూనెదారులన్నియు కడిగి మూడవనాడు ఆచారి నాయునితో మరల కొండకు పోయెను. దిగునప్పుడు ఎక్కుడు వచ్చెను. ఇంజను గర్జించెను. మలుపు వచ్చెను. నాయుడు కాలు తీసెను. కారు వణకలేదు. పసుపుదీపము వెలుగలేదు. మంచులో ఆ మలుపు ఏ మలుపువలెనైన వెనుకబడిపోయెను.

మరి నాలుగు మలుపులు దిగినపిదప నాయుడు రోడ్డుప్రక్కకు కారు తీసి నిలిపెను.

“ఎల్లిపోనాదా ఆచారీ? ఆపమంటే ఆపనేదని నామీద దానికున్న కోపం తీరిపోనాదా?”

ఆచారి చొక్కాజేబులోనుండి కాగితపుపొట్లము తీసి విప్పి అతనియెదుట పట్టెను. “కోపం లేదు నాయుడూ. ఎప్పుడూ లేదు. బండిని ఆపింది ఇది. దీన్ని లోపల పడేసింది నేను. ఆ పొద్దు జాతరకి పోవాలని తొందరపడ్డాను. గమ్ము ఎక్కువైందని తెలిసీ తుడవలేదు. ఆ రోజు నీ బండాగింది నా మూలానే.”

నాయుడు ఆ ముక్కను చాలసేపు చూచెను. తాకలేదు. అద్దముపై చినుకులు రాలుచుండెను. కొట్టునేమో తిట్టునేమో యని ఆచారి తలవంచుకొని యుండెను. చిట్టచివరకు నాయుడు పలికిన పలుకులో కోపములేదు. అందువలననే అది దుర్భరమయ్యెను.

“నువ్వు సెప్పకపోతే అది నాకక్కడుండేది.”

అటుపిమ్మట కోటకు చేరి నాయుడు షెడ్డునొద్ద ఆచారిని దింపి వెనుదిరిగిచూడక పోయెను.

ఆచారి పోలీసులు వత్తురని చూచెను. చుట్టములు వత్తురని చూచెను. ఎవ్వరును రాలేదు. దండన రానందున అపరాధము తేలికపడునని లోకమనుకొనును గాని అది రానివానికి ప్రతిదినమును ఎదురుచూపే దండనయగును. అడిగినవారికెల్ల అతడు జరిగినది జరిగినట్లు చెప్పెను. విని కొందరు తమ బండ్లను వేరుచోట్లకు తీసికొనిపోయిరి. అతడు వారిని తప్పుపట్టలేదు. మూతబిగించు పనిమాత్రము అతనికి కష్టమయ్యెను. ఒకటికి మూడుమారులు విప్పి తుడుచుచుండెను. మందగతిలో తిరుగుచున్న ఏ ఇంజనుముందు నిలిచినను అది ఆగిపోవునేమో యని చెవియొగ్గి వినుచుండెను.

నాయుడు కనుమదారిని విడువలేదు. మొదటి నెలలో ఆ మలుపునొద్ద తానే కారాపి కూర్చుండి చూచెను. రాళ్లు కనబడెను. చెట్లు కనబడెను. మాటాడుటకు నోరురాలేదు. భార్య మరణించినదని అతనికి నిక్కముగా తెలిసినది అప్పుడే. రోడ్డుప్రక్కనున్న బండపై కూర్చుండి వైశాఖమున ఏడువవలసిన ఏడుపును భాద్రపదమున ఏడ్చెను.

మాఘమాసమున నొక యుదయమున మంచు విడిపోవుచుండగా ఆ తెల్లనికారు వచ్చి ఆచారి షెడ్డుముందు నిలిచెను. నాయుడు దిగెను. చెంపలు నెరసియుండెను. పలకరింపు లేక లోనికివచ్చి స్టూలు లాగుకొని ఇంజనుముందు వేసికొని కూర్చుండెను.

“పైమూత దగ్గర మళ్లీ నూనె కారుతంది” అనెను.

ఆచారి తడబడుచు “విజయనగరంలో చేయించకపోయావా?” అనెను.

“నువ్వే సెయ్యి. నాను సూస్తాను.”

ఆచారి మూత విప్పెను. పాతగమ్మును బ్లేడుతో గీసెను. గుడ్డతో తుడిచెను. క్రొత్తగమ్మును దారమంత సన్నగా పూయబోవుచుండగా అతనిచెయ్యి వణకి గీత వంకరపోయెను. అతడు నిలిచిపోయెను. నాయుడు ముందునకు వంగి అతని మణికట్టుక్రింద తన అరచేతిని ఆనించి “కంగారులేదు. తుడిసి మళ్లీ రాయి” అనెను.

ఆచారి తుడిచి మరల రాసెను. వెలుపల పొద్దెక్కి కోటవీధిలో సందడి హెచ్చుచుండెను. ఆ యిరువురుమాత్రము ఒకే ఇంజనుపై వంగి ఒకే సన్ననిగీతను కన్నార్పక చూచుచు గమ్ము ఆరువరకు నట్లే యుండిరి.