ఆకుల మీద యూరియా

బకెట్లో యూరియా కరుగుతుంటే నీళ్లు చేతికి చల్లగా తగిలాయి. లీటరుకు ఇరవై గ్రాములు. మందు కొట్టే పదిహేను లీటర్ల ట్యాంకుకు మూడు వందలు, వంటింటి త్రాసులో తూచాను.

"ఎరువు నేలకి వేస్తారు గానీ ఆకులకి పూస్తారటే? నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అన్నారు మా ఆయన.

గడపలోంచి అత్తగారు అందుకున్నారు. "చేను మాడ్చేదాకా నిద్రపట్టేట్టు లేదురా మీ ఆవిడకి!"

మినుము పూత మీదుంది. వాన మొహం చాటేసి ఇరవై రోజులు. వాన తప్ప వేరే దిక్కులేని చేను మాది. ఎండిన నేలలో ఎరువు వేళ్లకి అందదు, పల్చగా ఆకుల మీద కొడితే ఆకే తాగుతుందని మా వరండాలో జరిగిన రైతుల మీటింగులో వ్యవసాయాధికారి చెప్పాడు. టీలు అందిస్తూ నేను విన్నాను. కూర్చుని విన్నవాళ్లకి మాత్రం టీలో చక్కెర తక్కువైన సంగతే గుర్తుంది.

ఎండ వాలాక ట్యాంకు వీపుకెత్తుకున్నాను. తేడా తెలియాలని నాలుగు సాళ్లు కావాలనే వదిలేశాను. పట్టీలకు భుజాలు ఒరుసుకుపోయాయి. ఇంటికొచ్చి వండి, వడ్డించి, అబ్బా అని గోడకి చేరగిలబడితే, "పొలానికి షికారెళ్లొచ్చి మూలుగుడొకటా?" అన్నారాయన. పదేళ్లుగా విత్తనం నాది, కలుపు నాది, కోత నాది. పాప బడి ఫారంలో తల్లి వృత్తి దగ్గర ఆయన 'ఏమీ లేదు' అని రాస్తుంటే పక్కనే నిలబడి చూశాను. అప్పుడు కోపం కూడా రాలేదు. నిజమే కాబోలు అనుకున్నాను. అదే ఇప్పటికీ నన్ను తొలుస్తుంది.

కాయ పడ్డాక ఇంకోసారి కొట్టాను. కోతకొచ్చేసరికి, వదిలేసిన సాళ్లలో సగం తాలు కాయలే. మిగతా చేనంతా గింజ నిండి బరువుగా వంగింది. ఆ నోటా ఈ నోటా విని అధికారి పుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"రెండు శాతం కొట్టామండీ. ధైర్యం చేశాం" అన్నారు మా ఆయన, కాలు మీద కాలేసుకుని.

"ఏ దశలో? రెండోసారి ఎన్ని రోజులకి?"

ఆయన గొంతు సవరించుకుని, తల తిప్పకుండానే కేకేశారు. "ఏమే, ఎప్పుడు కొట్టాం మనం?"

ఇలాంటప్పుడు తలుపు చాటునుంచి జవాబు అందించడం, దాన్ని ఆయన తన మాటగా చెప్పుకోవడం మా ఇంట్లో మామూలే. ఈసారి ఇవతలికి వచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని అధికారికి ఎదురుగా కూర్చున్నాను. లోపల అత్తగారు దగ్గారు.

"పూత మీదున్నప్పుడు ఒకసారి, మళ్లీ పన్నెండు రోజులకి కాయ దశలో. రాసుకోండి" అన్నాను. "ఇంకో మాట. కొట్టాం కాదండీ, కొట్టాను."